తదితరులు

రాయికోడ్ బడిలో పిల్లలకు పుస్తకాల సంచుల పంపిణీ అయిపోయింది. తిరుగు ప్రయాణంలో అక్షత కారు వెనక సీట్లో కూచుని ఫోన్‌లో ప్రెస్ నోటు టైపు చేసుకుంటోంది. జహీరాబాద్ చేరేలోగా పంపేస్తే రేపటి జిల్లా పేజీలో చోటు దొరుకుతుంది. ఆలస్యమైతే ఆ చోటు ఏ పెళ్లిరోజు శుభాకాంక్షలకో పోతుంది.

అక్షత పంటరుచి ఫుడ్స్‌లో ప్రజాసంబంధాల అధికారి. అల్లం వెల్లుల్లి ముద్ద చేసి ప్యాకెట్లకెత్తే ఫ్యాక్టరీ అది. అధికారి అంటే మరీ గొప్పగా ఊహించుకోనక్కరలేదు. ఆమె కింద ఎవరూ లేరు, పైన మాత్రం ముగ్గురున్నారు. ఫొటో తీయాలి, నోటు రాయాలి, పత్రికలవాళ్లకు పంపాలి, అచ్చయింది కత్తిరించి ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో స్కేలు పెట్టి కొలిచి ఫైల్లో అతికించాలి.

ఆ నోట్లన్నీ ఒకేలా ముగుస్తాయి. "ఈ కార్యక్రమంలో సర్పంచ్, ప్రధానోపాధ్యాయుడు, తదితరులు పాల్గొన్నారు." సంచులు ఎంచింది, బడివాళ్లను ఒప్పించింది, బ్యానర్ మీది అక్షరదోషం దిద్దించింది, పిల్లలను కంట్లో ఎండ పడకుండా నిలబెట్టింది అక్షత. అయినా ఆమె పేరు ఆ వరసలో ఉండదు. తదితరుల్లో ఉంటుంది. ఆరేళ్లుగా అక్కడే కాపురం.

నోటు కింద పేరు జనరల్ మేనేజర్ మురళీకృష్ణది. నిరుడు హైదరాబాద్‌లో ప్రజాసంబంధాల నిపుణుల సమాఖ్య ఇచ్చిన జ్ఞాపిక కూడా ఆయన గది అల్మారాలోనే ఉంది. దానికి దరఖాస్తు రాసింది ఈమే. ఆయన దాన్ని అందుకుంటుంటే మూడో వరసలోంచి లేచి ఫొటో తీసింది కూడా ఈమే. ఆ రాత్రి ఇంటికొచ్చి ఏడ్చింది. ఏడ్చినట్టు ఎవరికీ చెప్పలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర కారు దిగగానే ముక్కు మండింది.

"పొద్దుగాల కోల్డ్ రూంల గ్యాస్ లీకైంది మేడం," అన్నాడు వాచ్‌మన్, మూతికి తువ్వాల అడ్డం పెట్టుకుని. "గిప్పుడు బందైంది. ఫికర్ లేదు."

పొద్దున జరిగితే మధ్యాహ్నం మూడయ్యే దాకా తనకెవరూ ఫోన్ ఎందుకు చేయలేదో ఆమెకు అర్థం కాలేదు. మురళీకృష్ణ గదికి వెళ్లింది. ఆయనది భీమవరం వైపు. గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ వినలేదు. చిన్నవాళ్లనైనా 'మీరు' అనే అంటారు.

"రండమ్మా, కూర్చోండి. మీకోసమే చూస్తున్నాను," అని ఒక కాగితం ముందుకు జరిపారు.

సంస్థ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలు. "ఇకపై సంస్థ తరఫున వెలువడే పత్రికా ప్రకటనలన్నీ ప్రజాసంబంధాల అధికారి అక్షత పేరిటే విడుదలవుతాయి. వాటికి ఆమే బాధ్యురాలు." కింద ఆయన సంతకం.

"సమాఖ్యవాళ్లు ఈ ఏడాది రూలు మార్చారండీ. పని ఎవరు చేస్తే వాళ్ల పేరే దరఖాస్తులో ఉండాలంట. మంచిదే కదా? సంక్షోభంలో సమాచార నిర్వహణ అని కొత్త విభాగం కూడా పెట్టారు. ఈసారి మీ పేరు పంపుతున్నాం."

అక్షత థాంక్స్ సార్ అంది. సంతోషంలో మొదటి వాక్యం రెండుసార్లు చదువుకుంది. రెండో వాక్యం ఒక్కసారే చదివింది.

"ఉదయం చిన్న ఇబ్బంది జరిగింది," అన్నారాయన. "ఐదులోగా నోటు వెళ్లిపోవాలి. మనమే ముందు చెప్పేస్తే పత్రికలవాళ్లు ఊహించి రాసుకోరు. సిబ్బందిలో ముగ్గురికి స్వల్ప అస్వస్థత, మన ఏర్పాటు ఉన్న ఆసుపత్రిలో మెరుగైన చికిత్స, పరిస్థితి అదుపులో. అంతే."

ఒక్కసారి చూడకుండా రాయకూడదని అక్షత కిందికి వెళ్లింది. కోల్డ్ రూంను ఆనుకుని వెల్లుల్లి పొట్టు తీసే షెడ్డు ఉంది. అక్కడ ఎవరూ లేరు. స్టీలు బేసిన్లలో సగం ఒలిచిన వెల్లుల్లి అలాగే ఉంది, నేలమీద కత్తులు పడి ఉన్నాయి. లోపలికి పోయే ఆడవాళ్లు చెప్పులు గుమ్మం బయట విడిచి కంపెనీ రబ్బరు బూట్లు వేసుకుంటారు. బూట్లతోనే పరిగెత్తినట్టున్నారు. చెప్పులు మిగిలాయి. ఒక జతకు తెగిన పట్టీ దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. అక్షత వాటిని లెక్కపెట్టింది. పదకొండు జతలు.

మళ్లీ మేడ మీదికి వెళ్లింది.

"సార్, షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లున్నట్టున్నారు."

"వాళ్లు కాంట్రాక్టరు మనుషులమ్మా. కళ్లు మండితే ప్రభుత్వాసుపత్రిలో చుక్కలు వేసి ఇళ్లకు పంపారు. కాంట్రాక్టరు చూసుకుంటాడు. మనం సిబ్బందిలో ముగ్గురన్నాం. మన రిజిస్టర్లో ఉన్నది ఆ ముగ్గురే. ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పండి, తీసేద్దాం."

ఆమె వెతికింది. ఒక్కో మాటా విడదీసి చూసినా అబద్ధం దొరకలేదు. అన్నీ కలిపి చదివితే మాత్రం ఒళ్లు జలదరించింది.

కంప్యూటర్ ముందు కూచుని నాలుగుంబావు దాకా ఒక వాక్యంతోనే కుస్తీ పట్టింది. చివరికి ఒక ఉపాయం తట్టింది. "కోల్డ్ రూం సూపర్‌వైజర్ మహాదేవప్ప, ఆపరేటర్లు సచిన్, అమర్నాథ్, తదితరులు స్వల్ప అస్వస్థతకు గురయ్యారు" అని రాసింది. మురళీకృష్ణ చదివారు. ప్రతి నోట్లోనూ ఉండే మాట కాబట్టి ఆయన కన్ను దాని మీద ఆగలేదు. పత్రికలవాళ్లలో ఒక్కడైనా ఎవరా తదితరులని అడుగుతాడు, అడిగితే చెప్పేస్తాను అనుకుంది అక్షత. ప్రెస్ గ్రూపులో నోటు పెట్టి, తన తెలివికి తానే మురిసిపోతూ ఇంటికి వెళ్లింది.

ఎవరూ అడగలేదు.

మర్నాడు మంగళవారం పొద్దున వాళ్లమ్మ మహాదేవమ్మ పేపరు పట్టుకుని వాకిట్లోంచే పిలిచింది. ఆమెది బీదర్ వైపు. చదివింది కన్నడంలో. తెలుగు పేపరు చదవలేదు. కానీ అక్షత పేరులోని మూడక్షరాలూ రెండు లిపుల్లోనూ దాదాపు ఒకటే. వార్త చివరి వరసలో వాటిని పట్టుకుంది.

"ఇగో, ఇండ్ల నీ పేరే. ఎన్నొద్దులకు ఏసిన్రే," అని ఆ వరస మీద వేలు పెట్టి, తీయకుండానే పక్కింటికి బయల్దేరింది.

అక్షత పేపరు లాక్కుని చదివింది. ఏడు సెంటీమీటర్లు, సింగిల్ కాలమ్. మహాదేవప్ప, సచిన్, అమర్నాథ్ స్వల్ప అస్వస్థతకు గురైనట్టు సంస్థ ప్రజాసంబంధాల అధికారి అక్షత ఒక ప్రకటనలో తెలిపారు. తదితరులు లేరు.

విలేకరి మాణిక్‌కు ఫోన్ చేసింది.

"అది డెస్కుల తీసేసిన్రు మేడం," అన్నాడతను. "తదితరులంటే ఎప్పుడు తీసేస్తరు. జాగ తక్కువుంటది గద."

"ఎవరా తదితరులని నువ్వన్నా అడగొచ్చు గద మాణిక్?"

"మీరు ప్రతి నోట్ల రాస్తరు. బ్యాగులిచ్చినా రాస్తరు, మొక్కలు పెట్టినా రాస్తరు. గట్లనే రాసిన్రనుకున్న. ఎందుకు మేడం, ఇంకెవరన్న ఉన్నరా?"

తర్వాత చేస్తానని ఆమె ఫోన్ పెట్టేసింది. ఉన్నారని ఫోన్లో చెబితే నోట్లో ఎందుకు రాయలేదంటాడు. నోటు కింద ఉన్నది తన పేరే. నిన్న ఒక్కసారే చదివిన ఆ రెండో వాక్యం ఇప్పుడు అక్షరం అక్షరం గుర్తొచ్చింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండాలో ఒక మనిషి కూచుని ఉన్నాడు. మహాదేవమ్మ అతనికి చాయ్ ఇచ్చి, అదే పేపరు చూపిస్తోంది. అతను తన జేబులోంచి అలాంటిదే ఇంకో ముక్క తీసి మడత విప్పాడు.

"నా పేరు వీరప్ప అక్కా. మొగుడంపల్లి. మా ఆమె నాగరాణి మీ కంపెన్ల వెల్లుల్లి ఒలుస్తది," అన్నాడు. "నేను లొల్లి పెట్టనీకె రాలే. అడిగి పోదామని వచ్చిన."

"ఎట్లున్నది ఆమెకు?"

"ఎడమ కన్ను తెరుస్తలేదు. గొంతు పోయింది. సర్కారు దవాఖానల చుక్కలేసి పంపిన్రు. కంటి డాక్టరు రోజు చూడాలె, ఆలస్యమైతే చూపు పోతదన్నరట. మహాదేవప్పసారు వాళ్లున్న పెద్ద దవాఖానకు తీస్కపోయిన. కౌంటర్ కాడ గీ పేపర్ చూపెట్టిన్రు. కంపెనీ ముగ్గురి పేర్లే ఇచ్చిందట. కంపెనీతోని రాయించుకొని రమ్మన్నరు." పేపరు ముక్కను మోకాలి మీద సాపు చేశాడు. "ఇండ్ల నీ పేరున్నది అక్కా. మా ఆమె పేరెందుకు లేదు?"

మహాదేవమ్మ చేతిలో పేపరు మెల్లగా కిందికి దిగింది. అక్షతకు సిగ్గేసింది. ఆరేళ్లు ఏ మాట వెనక నిలబడి కుమిలిందో, ఆ మాట వెనక్కే పదకొండు మందిని తనే తోసింది. అక్కడి నుంచి కూడా వాళ్లను ఎవరో తుడిచేశారు.

"రేపు మాట్లాడత వీరప్పా," అంది.

"మాట్లాడు అక్కా. జర జల్ది," అని అతను చాయ్ గ్లాసు కడిగి గోడ మీద బోర్లించి వెళ్లిపోయాడు.

బుధవారం పొద్దున ఆమె వెళ్లేసరికి మురళీకృష్ణ సమాఖ్య దరఖాస్తు ముందు పెట్టుకుని ఉన్నారు. "ఒక్క పత్రికలో కూడా మనకు వ్యతిరేకంగా అక్షరం రాలేదమ్మా. దీనికి ఇవ్వకపోతే ఇంకెవరికిస్తారు? కింద మీ సంతకం ఒక్కటి కావాలి."

దరఖాస్తు అడుగున ఒక వరస ఉంది. ఇందులో పేర్కొన్నవన్నీ వాస్తవాలని, ఏ ముఖ్య విషయమూ దాచలేదని ధ్రువీకరిస్తున్నాను. అక్షత పెన్ను తీయలేదు.

"సార్, సవరణ ఇద్దాం. పదకొండు మంది పేర్లతో. నాగరాణి అనే ఆమెకు కన్ను పోయేట్టుంది. ఆసుపత్రివాళ్లు పేపరు చూపించి వెనక్కి పంపారట."

ఆయన చాలాసేపు ఆమె వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. కోపమే ఉంటే ఆమెకు సులువయ్యేది.

"సవరణ ఇస్తే మొదట ఇచ్చింది తప్పని ఒప్పుకున్నట్టు. ఆ తప్పు ఎవరి పేరు మీద ఉంది? రేపు విచారణకు వస్తే మొదట అడిగేది మిమ్మల్నే. నోటు పంపింది ఈమే, కింద పేరూ ఈమెదే అంటారు. నేను కాపాడాలన్నా కాపాడలేను. మీ మంచికే చెబుతున్నాను, ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించింది. నోరు మూసుకుంటే అబద్ధం తన పేరున ఉంటుంది. నోరు తెరిస్తే తప్పు తన పేరున ఉంటుంది. ఎటు తిరిగినా తన పేరే. ఇన్నేళ్లు అడిగి, అలిగి, ఏడ్చి సంపాదించుకున్న పేరు ఇప్పుడు కాలికి చుట్టుకుని కదలనివ్వడం లేదు.

దరఖాస్తు సంతకం చేయకుండానే తన సీటు దగ్గరికి తెచ్చుకుంది. మధ్యాహ్నం సెలవు రాసి, బస్సెక్కి మొగుడంపల్లి వెళ్లింది.

నాగరాణి గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఎడమ కంటికి దూది, దాని మీద అడ్డంగా కట్టు. మాట గుసగుసగా తప్ప రావడం లేదు. అక్షత నోటుపుస్తకం తీసి పక్కనే చాప మీద కూచుంది.

"ఆ పొద్దు షెడ్డుల ఎవరెవరున్నరో చెప్పు. ఇంటిపేరుతోని చెప్పు, ఊరు గూడ చెప్పు."

"ఎందుకక్కా?"

"పేపర్ల రాయనీకె."

నాగరాణి నమ్మనట్టు మొగుడి వైపు చూసింది. వీరప్ప తలూపాడు. ఒక్కో పేరూ వచ్చింది. కోహీర్ వాళ్లు నలుగురు, మొగుడంపల్లి వాళ్లు ఆరుగురు, రంజోల్ ఆమె ఒకతి. ఇంటిపేరు తెలియనిచోట వీరప్ప ఫోన్ చేసి కనుక్కున్నాడు. రాసిన ప్రతి పేరునూ అక్షత పైకి చదివి వినిపించింది. ఒకామె పేరులో దీర్ఘం తప్పిందని నాగరాణి చెయ్యెత్తి ఆపింది. దిద్దాక చెయ్యి దించింది.

తిరిగొచ్చే బస్సులో అక్షత పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఉద్యోగం పోతుందని తెలుసు. జహీరాబాద్‌లో ఇలాంటి ఉద్యోగం ఇంకోటి లేదని కూడా తెలుసు. సమాఖ్య జ్ఞాపిక మీద తన పేరు ఎలా ఉంటుందో రెండు రోజులుగా లోలోపల చూసుకుంటూనే ఉంది. దాన్ని వదలాలంటే కష్టంగానే ఉంది. ఆ మాట అబద్ధం కాదు.

ఆఫీసుకు చేరి లెటర్‌హెడ్ తెరిచి పైన 'సవరణ' అని కొట్టింది. సోమవారం నాటి ప్రకటన అసంపూర్ణంగా ఉందని, దానికి తానే బాధ్యత వహిస్తున్నానని, మొత్తం పద్నాలుగు మంది గాయపడ్డారని, ఒకరి కంటికి తీవ్ర ప్రమాదం ఉందని రాసింది. పద్నాలుగు పేర్లూ, ఊళ్లూ పెట్టింది. చివర పేరు దగ్గర వేలు అలవాటుగా 'త' మీదికి పోయింది. ఆపి, ఫుల్‌స్టాప్ పెట్టింది. మురళీకృష్ణ ఇచ్చిన రెండు వాక్యాల కాగితాన్ని కూడా ఫొటో తీసి జతచేసి గ్రూపులోకి వదిలింది.

రెండు నిమిషాల్లో మాణిక్ ఫోన్.

"పద్నాలుగు పేర్లు పెట్టాల్నా మేడం? నలుగురివి పెట్టి..."

"అన్నీ పెట్టాలె. ఒక్కటి తీసేదుంటే మొత్తమే వెయ్యకు."

"జీఎం సార్‌కు ఎరికేనా?"

"కింద కాయితం జోడించిన, చూడు. ఎవరి పేరు మీద ఇయ్యాల్నో సారే రాసిచ్చిండు."

మాణిక్ ఆ కాగితం తెరిచి చదివాడు. "సమజైంది మేడం," అని పెట్టేశాడు.

గురువారం పేపర్లో వార్త మూడు కాలమ్‌లలో వచ్చింది. పద్నాలుగు పేర్లూ ఉన్నాయి. పదింటికి వీరప్ప ఫోన్ చేశాడు. "పేరు రాస్కున్నరు అక్కా. లోపలికి తీస్కపోయిన్రు," అన్నాడు. వెనక దవాఖాన రొద వినిపిస్తోంది. అక్షత సరేనని చెప్పి ఫోన్ బల్ల మీద పెట్టేలోగా మేడ మీది నుంచి పిలుపు వచ్చింది.

మురళీకృష్ణ ముందు ఆ పేపరు పరిచి ఉంది. "కూర్చోండమ్మా," అన్నారు ఎప్పటిలాగే. "హైదరాబాద్ నుంచి ఎండీగారు మాట్లాడారు. వచ్చింది వెనక్కి తీసుకుంటే ఇంకా అల్లరవుతుంది. అందుకని పదకొండు మందికీ వైద్యం చూస్తామన్నారు. చూడాల్సిందే మరి." చేతులు ముడిచారు. "మీ విషయం మాత్రం నా చేతుల్లో లేదు. మీరు వ్యక్తిగత కారణాలతో వైదొలిగినట్టు ఒక నోటు వెళ్లాలి. మీరే రాసిస్తే బాగుంటుంది. మీ అంత పద్ధతిగా రాసేవాళ్లు ఈ ఆఫీసులో ఎవరున్నారు చెప్పండి?"

అది మెప్పు అని ఆమెకు ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. ఆరేళ్లలో ఆయన నోటి నుంచి విన్న మొదటి మెప్పు. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. రెండింటినీ ఆపుకుంది.

"అది నేను రాయను సార్."

ఆయన నిట్టూర్చి తెల్లకాగితం తీసుకున్నారు. పైన 'పత్రికా ప్రకటన' అని రాసి ఆగారు. మొదటి వాక్యం మొదలుపెట్టి కొట్టేశారు. ఇంకోలా మొదలుపెట్టి అదీ కొట్టేశారు. గోడ గడియారం పెద్దముల్లు పావుగంట తిరిగింది. ఇన్నేళ్లూ ఆయన పేరుతో వెళ్లిన వందల నోట్లలో ఒక్కటీ ఆయన రాసింది కాదని ఇద్దరికీ తెలుసు. దాన్ని ఇలా ఎదురెదురుగా కూచుని చూడటం మాత్రం ఇదే మొదలు. చివరికి నాలుగు వరసలు పూర్తిచేశారు. పూర్తికాగానే చెయ్యి దానంతటదే కాగితాన్ని ఆమె వైపు తోసింది. పెన్ను కూడా ఇచ్చారు.

"ఒక్కసారి దిద్దండమ్మా."

అక్షత దిద్దింది. 'ప్రజాసంబందాల'లో వత్తు లేదు, పెట్టింది. 'వైదొలిగారు'కు ముందు అక్కర్లేని కామా ఉంది, కొట్టేసింది. తన పేరు సరిగ్గానే రాశారు. 'వ్యక్తిగత కారణాలతో' అన్న చోట పెన్ను ఆగింది. ఆ రెండు మాటల చుట్టూ సున్నా చుట్టింది. కాగితం తిప్పి ఆయన ముందు పెట్టి, అడుగున సంతకం కోసం ఖాళీగా ఉన్న చోటు చూపించింది.

"మిగతాదంతా సరిగ్గా ఉంది సార్. దీన్ని మాత్రం మీ పేరుతో పంపండి."

మురళీకృష్ణ ఆ ఖాళీ చోటును చూస్తూ కూచున్నారు. బయట షిఫ్టు సైరన్ మోగి ఆగిపోయింది. ఆయన చెయ్యి చాపి పెన్ను తీసుకుని, సంతకం చేయకుండానే మూత పెట్టారు.